కాలువ కేసు

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఎమ్మెల్యేగా వేయించుకున్న దండలన్నీ సాయంత్రానికి దిగిపోయేవి. ఈ బరువు మాత్రం ఇన్నేళ్లయినా దిగలేదు.

రాజకీయాల్లోకి రాకముందు నేను గూడూరులో లాయర్ని. పులికాట్ ఒడ్డున ఉన్న ఒక జాలర్ల ఊరి కేసు నా దగ్గర ఉండేది. రొయ్యల గుంటల ఆసామి ఒకాయన కట్ట పోసి, వాళ్ల పడవలు సరస్సులోకి వెళ్లే కాలువను సగానికి మూసేశాడు. అది పూర్తిగా మూసుకుపోతే వాళ్లకు వేట లేదు. కేసు గట్టిది. గెలిచేవాణ్ని. ఆ సంగతి ఆసామికీ తెలుసు.

ఆయనకు పార్టీలో పలుకుబడి ఉంది. టికెట్ నీకే ఇప్పిస్తాను, కేసు సంగతి కాస్త చూడు అన్నాడు. నేను సరేననలేదు. కాదనీ అనలేదు. అదేదో పెద్ద నిజాయితీ అయినట్టు అప్పట్లో మురిసిపోయాను. ఎవరిని మోసం చేద్దామని?

వాయిదా రోజున ఆ ఊళ్లో ఎవరూ వేటకు పోరు. అది వాళ్ల కట్టుబాటు. ఆడా మగా వచ్చి కోర్టు ఆవరణలో కూర్చుంటారు. ఆసారి మాత్రం ఊరి పెద్ద పోలయ్యకు ముందురోజే కబురు చేశాను, రేపు విచారణ లేదు, వేట పోగొట్టుకోకండి అని. నమ్మారు. ఎవరూ రాలేదు. బంట్రోతు కేసు పిలిచాడు. నేను వరండాలోనే ఉన్నాను. విన్నాను. మళ్లీ పిలిచాడు. కాళ్లు కదల్లేదని రాస్తే అబద్ధం. కదపలేదు. ఎవరూ హాజరు కాలేదని కేసు కొట్టేశారు. దాన్ని తిరిగి తెరిపించమని అర్జీ వేయడానికి గడువుంటుంది. అదీ పోనిచ్చాను. తర్వాత ఊరికి వెళ్లి, ఆరోజు అనుకోకుండా కేసు పిలిచారనీ, ఎంత వాదించినా జడ్జి మన మాట వినలేదనీ చెప్పాను.

పోలయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఓడిపోతే ఏమైంది సార్? మా కోసరం కొట్లాడినారు. ఎలచ్చన్లలో నిలబడతా ఉండారంట గదా. ఊరంతా కట్టుబాటు చేసుకున్నాం. ఒక్క ఓటు బయటికి పోదు."

"అంత మాటెందుకు పోలయ్యా," అన్నాను.

"మీ మాదిరి మా పక్కన ఎవురు నిలబడినారు సార్!"

ఆ బూత్‌లో అవతలివాడికి ఒక్క ఓటూ రాలేదు. గెలిచాను. వాళ్ల ఊరికి రోడ్డు వేయించాను, తుఫాను షెల్టర్ కట్టించాను. కాలువ ఊసు మాత్రం అసెంబ్లీలో ఎత్తలేదు. రోడ్డు వేస్తే చేసిన పాపం పోతుందనుకున్నానా? కాలువ పూర్తిగా మూసుకుపోయాక, ఆ రోడ్డు మీదే వాళ్ల పిల్లలు వేట మానుకుని సూళ్లూరుపేటకు కూలికి పోయారు.

మొన్న పోలయ్య పోయాడని తెలిసి వెళ్లాను. చివరిదాకా నాయన మీ పేరే చెప్పినాడని అతని కూతురు ఏడ్చింది. అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. ఆమె లోపలికి వెళ్లి నాకోసం కుర్చీ తెచ్చి వేసింది. కూర్చున్నాను.

ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు. మిమ్మల్ని క్షమించమని అడగను. ఆ మాట అనగలిగినవాడు వెళ్లిపోయాడు. ఆ కేసును ఓడించింది నేనే. ఇంతవరకూ ఈ వాక్యం నోటితో అనలేదు, చేత్తో రాయలేదు. రాశాక కాస్త ఊపిరాడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.