మోకాలి కింద కట్టిన తాడు

సహోదరులారా, సహోదరీలారా, అయ్యగారు సాక్ష్యం చెప్పమని పిలిచినప్పుడు నేను చివరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్నాను, అక్కడి నుండి ఇక్కడిదాకా నడిచి వచ్చాను. ఆ నడక గురించే చెబుతాను. మగ్గం మీద చేయి ఆడినట్టు నాకు నోరు ఆడదు, కాబట్టి కొంచెం ఓర్చుకోండి.

మాది రాజంపేట దగ్గర నేతవాళ్ల పల్లె. మా తాతల నాడే మా ఇల్లు ప్రభువును నమ్ముకుంది, కానీ కులవృత్తి మాత్రం మారలేదు, గుంట మగ్గమే మాకు అన్నం పెట్టింది. ఊరూరా గంజి కేంద్రాలు పెట్టిన ఆ కరువు సంవత్సరం నాకు విషజ్వరం వచ్చింది. వారాల తరబడి మంచంలోనే పడి ఉన్నాను, ఒంట్లో కండ అంతా కరిగిపోయి బొమికలు బయటపడ్డాయి, ఎటు తిప్పి పడుకోబెడితే అటే ఉండిపోయేవాణ్ణి. చివరికి జ్వరం దిగింది, ఇంట్లో అందరం కన్నీళ్లతో స్తుతి చేసుకున్నాం, ఆ మర్నాడు లేచి నిలబడితే కుడి పాదం నా మాట వినలేదు. అడుగు వేస్తే వేళ్లు నేలను ఈడ్చుకుంటూ వచ్చేవి, పాదం టపామని నేలమీద పడేది.

పక్షవాతం అన్నారు అందరూ. పసరు పూశారు, నూనెలు మర్దించారు, పేరున్న వైద్యుడు కూడా తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. మగ్గం గుంటలో కూర్చుంటే ఆ కాలితో కింది తొక్కుడు చెక్కను తొక్కగలిగేవాణ్ణి గాని, ఒక చెక్క మీది నుండి ఇంకో చెక్క మీదికి పాదం ఎత్తాలంటే వేళ్లు చెక్క కింద ఇరుక్కునేవి, పోగులు తెగేవి, నేసిన గుడ్డలో లోపం పడేది. పడుగు ముందర కూర్చుని ఏడ్చేవాణ్ణి సహోదరులారా, మగవాణ్ణి అని కూడా చూసుకోలేదు.

మా నాయన నన్ను అలా చూడలేకపోయాడు. ఆయన ముడి వేస్తే పళ్లతో లాగినా జారదని మా పల్లెలో అందరూ అనేవారు. ఆయన మిగిలిన పడుగు నూలును గంజి పెట్టి పేని, ఒక తాడు చేశాడు. దాని ఒక కొస నా కాలి బొటనవేలికి, రెండో కొస మోకాలి కింద చుట్టిన పట్టీకి కట్టాడు. తాడు లాగి పట్టడంతో పాదం కిందికి వాలకుండా నిలిచింది. పట్టీ జారకూడదు కదా, అందుకని బిగించి కట్టేవాడు. తెల్లవారితే చాలు, ప్రార్థన చేసుకుని వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుని కట్టేవాడు, నేను మళ్లీ నేశాను, ఇంట్లో పొయ్యి వెలిగింది. ఇంతకంటే ప్రేమ ఏ తండ్రి చూపిస్తాడు?

అయినా నా మనసు మాత్రం చచ్చిపోయింది. మందిరానికి వస్తే టపా టపా అనే నా నడకకు తలలన్నీ తిరిగేవి. పైఊరి నుండి వచ్చిన బోధకుడు ఒకాయన, దాచిన పాపం ఉంటే ఒప్పుకో అన్నాడు. ఎంత వెతుక్కున్నా అంత పెద్ద పాపం నాకు దొరకలేదు, దొరికినా బాగుండేదనిపించింది. ఒకనాడు నా చిన్న కూతురు వాకిట్లో ఆడుకుంటూ ఒక కాలు ఈడుస్తూ నడిచింది. ఏమ్మా అంటే, "నాయన మాదిరి నడుస్తాండా" అంది నవ్వుతూ. ఆ రోజుతో నేను మందిరానికి రావడం మానేశాను. "ప్రభువా, కాలైనా ఇయ్యి, లేదంటే నన్నైనా తీస్కపో, ఈ రెండింటి నడమ నన్ను ఏలాడదీయొద్దు" అని ప్రార్థించాను.

ఏడాది కావస్తుండగా, కడప అవతలి మిషను ఆసుపత్రికి మద్రాసు వైపు చదువుకొని ఒక అమ్మ వచ్చిందని, ఆమె మందు ఇవ్వదు గాని కాళ్లూ చేతులూ పరీక్ష చేస్తుందని విన్నాం. దాన్ని ఫిజియోథెరపీ అంటారట. నాకు నమ్మకం లేదు, మా నాయన పోరు పడలేక వెళ్లాను.

ఆమె ముందు నన్ను నడిపించి చూసింది. తరువాత బల్లమీద కూర్చోబెట్టి, వేలికి కట్టిన తాడు తీయించి, బాగున్న కాలినే ముందు పట్టుకుంది, అదేమిటమ్మా అంటే, బాగున్నది ఎట్లుందో తెలియకుండా బాగలేనిది ఎట్లా తెలుస్తుందని అంది. తొడ ఎత్తమని తన చేయి అడ్డం పెట్టింది, ఎత్తాను. మోకాలు చాపమంది, చాపాను. పాదంతో తన అరచేతిని కిందికి తొయ్యమంది, తోశాను. పైకి ఎత్తమంది, పాదం కదలలేదు. దూదితో తాకుతూ కళ్లు మూసుకొని చెప్పమంది, పిక్క బయటి పక్కా పాదం పైనా నాకేమీ తెలియలేదు. అప్పుడు ఆమె వేలు మోకాలి కింద బయటి పక్క, ఎముక బుడిపె దగ్గర ఆగింది. అక్కడ పట్టీ అంచున అది కోసిన గాడి నల్లగా ఉంది.

"ఇది పక్షవాతం కాదు. పాదం ఎత్తే నరం ఈడ చర్మం కిందనే పోతుంది. జ్వరంలో కండ పోయినప్పుడు మంచం పట్టెకు ఆనుకొని నలిగి ఉంటుంది. తరువాత ఈ పట్టీ దాన్ని కోలుకోనియ్యలేదు" అంది.

మా నాయన ముఖం నేను చూడలేకపోయాను. పట్టీకి ఆయన వేసిన ముడి అక్కడ ఎవరికీ విప్ప రాలేదు, కత్తెరతో కోశారు.

ఆమె నా కాలి ముందర పక్క వేలు ఆనించి, ఎత్తు, ఎత్తాలని తలచుకో అంది. పాదం కదలలేదు. ఆమె మా నాయన వేలు పట్టుకొని అదే చోట పెట్టింది. తెగిన పోగును చీకట్లో కూడా తడిమి పట్టే వేలు అది. కాసేపటికి ఆయన తలెత్తి నా వైపు చూశాడు. "ఉండాదిరా. లోపల అదురుతాండాది" అన్నాడు. నా కంటికి ఏమీ కనబడలేదు, సహోదరులారా. నేను చచ్చిందనుకున్న చోట ప్రభువు ప్రాణం దాచి ఉంచాడు.

పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేనని ఆ అమ్మ చెప్పింది. పట్టీ లేకుండా పాదానికి కింద ఆనే చెక్క ఒకటి ఇచ్చింది, రోజూ చేయవలసినది నేర్పింది. రైలెక్కి ఇంటికి వచ్చాం. మర్నాడు పొద్దున మా నాయన అలవాటుగా వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు, కట్టడానికి తాడు లేదు, చేతులు ఒళ్లో పెట్టుకొని ప్రార్థించాడు. "తండ్రీ, నా చేతులు తెలియక చేసినాయి. నా బిడ్డ కాలిమీద ఇంక నీ చెయ్యి పెట్టు." ఆ తరువాత నా పాదం మీద అరచేయి వేసి, ఎత్తురా అన్నాడు. అది మొదలు ప్రతి ఉదయం అదే పని. వానలు పడి పోయాయి, శనగ చేతికొచ్చింది, అప్పటికి పాదం నేలమీది నుండి వేలెడు లేచింది.

తరువాతి ఎండాకాలం మా నాయన మంచాన పడ్డాడు. ఆయన కట్టిన ఆ పట్టీ సంగతి మేమిద్దరం ఎన్నడూ ఎత్తలేదు, కానీ అది ఆయన్ను లోపల తింటూనే ఉందని నాకు తెలుసు. ఆఖరి రోజు పొద్దున నన్ను పిలిచి, కాలు మంచం మీద పెట్టమన్నాడు. బరువు లేని చేయి నా పాదం మీద వేశాడు. "ఎత్తురా" అన్నాడు. ఎత్తాను, ఆయన చేయి కూడా దానితోపాటే లేచింది. "చాలు నాయనా, ఇంక మగ్గం కాడికి పో" అన్నాడు. మధ్యాహ్నానికి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఈ పాదం పూర్తిగా బాగుపడలేదు, అలసిన రోజు ఇప్పటికీ ఈడుస్తుంది. మా నాయన లేని లోటు తీరలేదు, తీరదు కూడా. కానీ మీలో ఎవరికైనా లోపల అంతా చచ్చిపోయిందని అనిపిస్తుంటే, మీ కంటిని నమ్మకండి, ప్రభువును వేలు పెట్టనివ్వండి, మీకు తెలియని అదురు ఆయనకు తెలుస్తుంది. ఇందాక చివరి వరుస నుండి నేను నడిచి వచ్చాను కదా, ఒక్క తల కూడా నా కాలి వైపు తిరగలేదు. దేవునికే మహిమ కలుగును గాక.