తారుమారు మామయ్య, ఎనిమిదింటి సీరియల్

ఏ సీరియల్ చూపించినా సరే, దాని కథ తలకిందులుగా చెప్పడంలో మామయ్యను మించినవాడు లేడు. అత్తను చెల్లెలంటాడు. హంతకుణ్ణి డాక్టరంటాడు. చచ్చినవాడు ఊరెళ్లాడంటాడు. వీధిలో అందరికీ ఆయన తారుమారు మామయ్య.

కోడలికి ఇదే అంతుపట్టేది కాదు. మామయ్య రిటైరయ్యేదాకా బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో టికెట్ తీసుకోనివాణ్ణి మొహం చూసి పట్టేసేవాడట. అలాంటి మనిషి టీవీలో నాలుగు మొహాలు గుర్తుపెట్టుకోలేడా?

"అమ్మాయ్, ఈ మేనత్త ఎంత మంచిదో! మేనకోడలికి పాలు కలిపి తెస్తోంది."

"అందులో విషం కలిపింది మామయ్యా!"

"విషమా? పంచదార అనుకున్నానే!"

కండక్టరు గొంతు కదా, గదిలో ఉన్న కొడుకు ఇయర్‌ఫోన్స్ దాటుకుని మరీ వెళ్లేది. "నాన్నా, మొదట్నుంచీ ఆవిడే విలన్!" అని అక్కణ్ణించే అరిచేవాడు.

ఒకప్పుడు ఈ వీధికి సీరియల్ కథంటే అత్తయ్యే. ఎవరికి ఏ భాగం తప్పిపోయినా పొద్దున్నే ఆవిడ దగ్గరికి వచ్చేవారు. గుమ్మంలో నిలబడి ఆవిడ చెప్తుంటే అసలు సీరియల్ చప్పగా అనిపించేది. తర్వాత ఎవరి ఫోను వాళ్లకొచ్చింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు, ఇక తప్పిపోయేదేముంది? అడిగేవాళ్లు రావడం మానేశారు. సొంతింట్లోనే కొడుకుది గదిలో ఒక సిరీస్, కోడలిది వంటింట్లో ఇంకోటి.

ఆ రోజుల్లోనే అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. చెయ్యి కోలుకుంది, నడక కోలుకుంది, మాట మాత్రం రాలేదు. "ప్రయత్నించకపోతే ఇక రాకుండానే పోవచ్చు. అలాగని బలవంతం చెయ్యకండి, ఆవిడకే చెప్పాలనిపించాలి" అంది మాటలు నేర్పే డాక్టరమ్మ. కోడలు గ్లాసు చూపించి "ఇదేంటి అత్తయ్యా?" అంటే ఆవిడ మొహం తిప్పుకునేది. ఆ గొంతు మళ్లీ వింటానా అని కోడలికి ఒకటే బెంగ. సరిగ్గా అప్పుడే మామయ్యకు సీరియల్ పిచ్చి పట్టుకుంటే ఒళ్లు మండదూ?

ఒక మధ్యాహ్నం కోడలు బట్టలు తియ్యడానికి డాబా మీదికెళ్లింది. మామయ్య ఫోనులో నిన్నటి భాగం వెనక్కి తిప్పి తిప్పి చూస్తూ వల్లెవేస్తున్నాడు. "మేనత్త... ఆవిడ చెల్లెలు నర్సు... నర్సు కొడుకు లాయరు..." ఒక్క తప్పు లేదు.

"మామయ్యా! మీకు కథంతా తెలుసన్నమాట!"

ఆయన దొరికిపోయిన దొంగలా నవ్వాడు. "తప్పు చెప్పాలంటే ముందు ఒప్పు తెలియాలి కదమ్మా. మీ అత్తయ్య దేన్నైనా ఓర్చుకుంటుంది గానీ కథ తప్పు చెప్తే ఊరుకోదు. మొన్న 'కా' అంది. 'కాదు' అనేలోపే నువ్వూ అబ్బాయీ ఎగబడి దిద్దేశారు."

"ముందే మాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే మీరు నటిస్తారు. ఇన్నేళ్లు సీరియళ్లు చూసిన మనిషి, మీ నటన పట్టెయ్యదూ?"

కోడలికి నవ్వొచ్చింది. ఎంత అపార్థం చేసుకుంది ఈ మనిషిని!

ఆ రాత్రి ఎనిమిదింటికి ఫోను వంటింట్లో వదిలేసి వచ్చి అత్తయ్య పక్కన కూర్చుంది. టీవీలో కోర్టు బోనులో నర్సు, ఎదురుగా కళ్లనీళ్లతో లాయరు.

"పాపం, పెళ్లాం కోసం ఎలా ఏడుస్తున్నాడో!" అన్నాడు మామయ్య.

కోడలు గుండె చిక్కబట్టుకుంది. "అవును మామయ్యా. కొత్తగా పెళ్లయినవాళ్లు."

ఈయన సంగతి తెలిసిందే, దీనికి కూడా మతిపోయిందా అన్నట్టు అత్తయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఈలోగా కొడుకు గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు.

"పెళ్లామేంటి నాన్నా! ఆవిడ వాడి..."

అత్తయ్య చెయ్యెత్తింది. "ను... నువ్వుండు."

కొడుకు ఇయర్‌ఫోన్స్ లాగేసి అమ్మ ఎదురుగా కూలబడ్డాడు.

"నే... నేను చెప్తా."

చెప్పింది. 'అమ్మ' అన్న రెండక్షరాలు పెదవుల మీదికి వచ్చేసరికి టీవీలో కోర్టు అయిపోయి ప్రకటనలు కూడా వచ్చేశాయి. ఎవరూ అటు చూడలేదు.

మామయ్య కళ్లు తుడుచుకుని, ఏమీ తెలియనివాడిలా ముందుకు వంగాడు. "అమ్మా? ఎవరికే?"

అత్తయ్య తల కొట్టుకుని, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టింది.