ఉప్పు లేని నీళ్ల మీద నేను వేసిన నింద

సునామీ వచ్చి వెళ్లిన రెండు నెలలకు మా పోర్ట్‌బ్లెయిర్ స్కూలు కెమిస్ట్రీ ల్యాబులో ఇంకో ఉపద్రవం జరిగింది. దానికి సముద్రంతో ఏ సంబంధమూ లేదు. పూర్తిగా నా నిర్వాకం. ఆనాటి పదిహేడేళ్ల నన్ను ఎవరైనా తెచ్చి ఎదురుగా నిలబెడితే రెండు జడలూ పట్టుకుని ఊపేస్తాను. ఆ పిల్ల మీద నాకు ఇంకా అంత కోపం.

పన్నెండో తరగతి ప్రాక్టికల్ పరీక్ష. మోర్స్ సాల్ట్ అనే ఐరన్ లవణం ద్రావణంలోకి బ్యూరెట్ గొట్టం నుంచి పర్మాంగనేట్ బొట్టుబొట్టుగా వదలాలి. లేత గులాబీ రంగు రాగానే ఆపి, పర్మాంగనేట్ గాఢత ఎంతో లెక్కకట్టాలి. నాకు రంగు పెళ్లికూతురి బుగ్గలా వచ్చింది. ఆ మురిపెంలో 0.05 అని రాసేశాను. మర్నాడు చూస్తే లెక్కకు సున్నా! సరైన జవాబు 0.01 అట.

ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. నేను లెక్క రాక నీళ్లు ఉప్పన్నాను.

"సార్, ల్యాబులో నీళ్లే ఖరాబు! ఉప్పు పర్మాంగనేట్‌ని తినేస్తుందని మీరే కదా చెప్పారు?" అని కెమిస్ట్రీ మాస్టారి మీదికి వెళ్లాను.

డిస్టిల్డ్ వాటర్ తెచ్చేది ల్యాబ్ అటెండర్ మీనా దీదీ. బజారులో బ్యాటరీల షాపు నుంచి క్యాను మోసుకొచ్చేది. "మోయలేక స్కూలు పక్క ఉప్పునీళ్ల నల్లా దగ్గరే నింపేసి ఉంటుంది" అని క్లాసంతా చాటాను. చూశానా? లేదు. కోపానికి సాక్ష్యం ఎందుకండీ!

సాయంత్రానికల్లా మా నాన్న డెలానీపూర్‌లో హార్డ్‌వేర్ షాపు మూసేసి మరీ ల్యాబుకి వచ్చాడు.

"ఏటి మాస్టారూ! పిల్లలకి ఉప్పునీళ్లిచ్చి సున్నాలేత్తారా? ప్రిన్సిపాల్ సాబ్‌ని పిలవండి!"

మాస్టారు నోరు తెరిచేలోపే మీనా దీదీ తన స్టీలు గ్లాసుతో వచ్చింది. క్యానులోంచి నిండుగా వంపుకుని, నా కళ్లలోకే చూస్తూ గటగటా తాగేసింది.

"నమక్ ఎక్కడ బేటీ? సముద్రం మా ఇంట్లోకి వచ్చింది. గిన్నెలు, బట్టలు, సబ్ కుఛ్ తీసుకుపోయింది. ఉప్పునీళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఇవి కావు."

అప్పుడు మాస్టారు నా పేపరు తీశారు.

"ఉప్పు పర్మాంగనేట్‌ని తింటే బ్యూరెట్ రీడింగ్ ఏమవుతుంది?"

"పెరుగుతుంది సార్."

"రీడింగ్ పెరిగితే లెక్కలో గాఢత?"

"తగ్గుతుంది..."

"మరి నీకు?"

"ఐదింతలు పెరిగింది సార్."

"ఒక పర్మాంగనేట్ ఎన్ని ఐరన్‌ల దగ్గర ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది?"

"ఐదు."

"ఆ ఐదుతో ఎక్కడ భాగించావు?"

పేపరు తిప్పాను. వెనక్కి తిప్పాను. "ఐదు ఎక్కడ పెట్టావే?" అన్నాడు నాన్న, షాపు తాళంచెవి పోగొట్టినట్టు. లేదు. నీళ్లలో లేని ఉప్పును కనిపెట్టిన మేధావి లెక్కలో ఉండాల్సిన ఐదును మరిచిపోయింది!

నాన్న దీదీకి రెండు చేతులూ జోడించాడు. "మాఫ్ చెయ్యి దీదీ. కూతురి మాట నమ్మి గాడిదలా అరిచాను." నేను మాత్రం ఆ పేపరునే అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను.

"రేపటి బ్యాచ్‌కి నీళ్లు నువ్వే తేవాలి," అన్నారు మాస్టారు.

మర్నాడు క్యాను పిడి ఒక పక్క దీదీ, ఒక పక్క నేను పట్టుకుని బజారు నుంచి నడిచాం. ఆవిడ చూపంతా రోడ్డు మీదే. తిట్టినా బాగుండేది. ఎత్తు ఎక్కుతుంటే మాత్రం, "చెయ్యి మార్చుకో బేటీ, బొబ్బలొస్తాయి," అంది. అక్కడే క్యాను దింపి, నడిరోడ్డు మీద భోరుమన్నాను. క్షమాపణ అప్పుడు బయటికొచ్చింది.

ఆ క్యాను సాక్షిగా ఒక భీషణ ప్రతిజ్ఞ కూడా చేశాను. ఇకమీదట ఎవరి మీద ఎంత కోపమొచ్చినా ముందు దాన్ని ఐదుతో భాగిస్తాను, మిగిలినంతే బయటపెడతాను. నేటికీ మాట తప్పలేదు. ఆ ఐదో వంతే హార్బర్ దాటి హోప్ టౌన్ దాకా వినిపిస్తోందని ఇరుగుపొరుగు అంటారు, అది వేరే సంగతి.