గురురాజారావు సారు సొంత సర్వరు

ప్రొద్దుటూరులో గురురాజారావు సారంటే తెలియనోళ్లు ఉండొచ్చు. ఊళ్లో తనకంటే తెలివైనోడు ఒకడుంటాడనే సంగతి మాత్రం ఆయనకు ఈనాటికీ తెలియదు. బతుకంతా హైస్కూల్లో లెక్కలు చెప్పినాడు. రిటైరైన రోజు బెత్తం బడిలోనే వదిలేసి, నోరు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. పాలు పోసేవాడు మొద్దు, బ్యాంకులో కూర్చునే పిల్ల మొద్దు, ఎదురింటి కమర్‌బీ మొద్దు. పెళ్లాం నాగరత్నమ్మను మొద్దు అనడం కూడా దండగని ఎప్పుడో మానేసినాడు. ఆమె లోలోపల ఆయన్ను ఏమనుకుంటాదో చెప్పాలంటే ఈ కాగితం సాలదు.

రిటైరైనోళ్లకు ఏదో ఒక పిచ్చి పట్టుకుంటుంది. కొందరు శనివారమైతే గండి గుడికి పోయి ఆంజనేయస్వామి దగ్గర కూర్చుంటారు. వాళ్లతో ఇంటోళ్లకు బాధ లేదు. ఈయనకు కంప్యూటర్ పట్టుకుంది. వీడియోలు చూసి చూసి ఒక వెబ్ అప్లికేషన్ రాసినాడు. ఆయన తల్లి రుక్మాబాయమ్మ సాయంత్రాలు దేవుడి దగ్గర పాడిన హారతి పాటలు పాత క్యాసెట్లలో ఉండేవి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, క్యాసెట్లు పాత సామాన్లోడికి వేసేసినాడు. ఇప్పుడు తెర మీద నొక్కితే ఆమె పాట వస్తుంది, పక్కన ఆమె ఫొటో వస్తుంది, కింద 'రూపకర్త: గురురాజారావు, ఎమ్మెస్సీ, బీఎడ్' అని వస్తుంది. తల్లి పేరు కంటే ఈయన పేరే పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

ఆ పాటలు వినాలని నిజంగా ఆశపడిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే, పులివెందులలో ఉండే ఆయన అక్క శ్యామలమ్మ. ఆమెకు కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడమచెవి నెలనెలా తగ్గుతాంది, అది కూడా ఎక్కువ రోజులు పనిచేయదని కడప డాక్టరు చెప్పేసినాడు. మోకాళ్లు పట్టేసి బస్సెక్కలేదు. "ఒరే గురూ, ఈ చెవి ఉండంగానే అమ్మ గొంతు ఒక్కసారి వినిపించరా" అని ఫోన్లో అడిగింది.

"నువ్వు యాడికీ రావాల్సిన పన్లేదక్కా. నీ ఇంట్లోనే కూర్చోని నొక్కితే పాట వచ్చేట్టు చేస్తాండా. కొంచెం ఓపిక పట్టు" అన్నాడీయన.

కూతురు భావన జమ్మలమడుగులో జూనియర్ కాలేజీ లెక్చరరు. ఈ మాట విని ఫోన్ చేసింది. "నాన్నా, ఆ పాట అత్తకు వాట్సాప్‌లో పంపిస్తే అయిపోతుంది గదా."

"మా అమ్మ గొంతును గుడ్ మార్నింగ్ గులాబీలు తిరిగేదాంట్లో పంపమంటావా? మీకు చదువు చెప్పించడం నాదే తప్పు."

పెన్ డ్రైవ్‌లో వేసి ఇమ్మంటే, బూతు మాట విన్నట్టు మొహం పెట్టినాడు. పోనీ ఏదన్నా కంపెనీ సర్వరులో పెట్టమంటే, మా అమ్మను అద్దె కొంపలో ఉంచనని, ఇంట్లో కంప్యూటర్‌నే రేయింబగలు నడిచే సర్వరు చేసినాడు. కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టి, అది ఎవరికీ చెప్పకుండా నాగరత్నమ్మను కూడా దాని ఛాయలకు రానీలేదు. పులివెందులలో అక్క చెవి కరిగిపోతాంటే ఈయన పరువు లెక్కలు ఇవి.

తన తెర మీద కనిపించే నంబర్ల అడ్రసును బంధువులందరికీ పంపినాడు. ఒక్కరికీ తెరుచుకోలేదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తిట్టినాడు. "మా ఇంట్లో యాడ కూర్చోని నొక్కినా బ్రహ్మాండంగా వస్తాంది. నీకు రాలేదంటే నీ ఫోను దరిద్రమన్నా కావాల, నువ్వన్నా కావాల." ఖాజీపేటలో ఉండే తమ్ముడు నిజమేననుకోని కొత్త ఫోను కొన్నాడు పాపం. దాంట్లోనూ రాలేదు.

ఆదివారం భావన వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "నాన్నా, ఇది మనింటి లోపల మాత్రమే చెల్లే అడ్రసు. బయటోళ్లు రావాలంటే ఇంటికి బయటి అడ్రసు ఒకటి ఉండాల. ఆ అడ్రసుకు వచ్చినోళ్లను ఈ కంప్యూటర్ దగ్గరికి పంపించమని రౌటర్‌లో రాసిపెట్టాల."

"అది నాకు తెలుసులే" అన్నాడు. తెలిస్తే అంతమందిని ఎందుకు తిట్టినాడో ఆమె అడగలేదు.

అప్పటి నుంచి రౌటర్ మీద పడినాడు. ఒకటి మార్చబోయి ఇంకొకటి మార్చి ఇంట్లో నెట్టే లేకుండా చేసుకున్నాడు. నెట్ కనెక్షన్ ఇచ్చినాయన వచ్చి, "సార్, మీ వీధి ఇళ్లన్నిటికీ కలిపి బయటికి ఒకటే అడ్రసు. మీ ఒక్కరికే కావాలంటే వేరే తీసుకోవాల" అని నెమ్మదిగా చెప్తే, "ఊరుమ్మడి అడ్రసులో ఉండే మనిషి లెక్క కనిపిస్తాండానా నేను?" అని ఆయన మీద ఎగిరినాడు. ఎగిరెగిరి, చివరికి ఆయన చెప్పినట్టే తీసుకున్నాడు.

ఈ రచ్చలో నెలలు గడిచిపోయినాయి. శ్యామలమ్మతో ఫోన్లో మాట్లాడాలంటే గొంతు చించుకోవాల్సి వస్తాంది. ఒకరోజు నాగరత్నమ్మ ఏం చెప్పినా ఆమెకు అందలేదు. "సరేలేమ్మా, బాగుండావు గదా" అని శ్యామలమ్మ తనకు తానే అనుకోని ఫోన్ పెట్టేసింది. నాగరత్నమ్మ వంటింట్లో కూర్చోని ఏడ్చింది.

కడాకు ఒకరోజు మధ్యాహ్నం జమ్మలమడుగులో భావన ఫోన్లో ఆ అప్లికేషన్ తెరుచుకుంది. అవ్వ రుక్మాబాయమ్మ గొంతు వినిపించింది. ఆ అడ్రసును ఆ నిమిషమే శ్యామలమ్మ కోడలికి పంపించి ఉంటే కథ అయిపోయేది. పంపిస్తే గురురాజారావు ఎట్లవుతాడు? తానే పోయి, తన చేత్తో నొక్కి, నలుగురి ముందర వినిపించాలంట. గురువారం మంచిరోజంట.

"ఈరోజే వినిపించండి. ఆ చెవి మీ ముహూర్తం కోసం కాచుకోని ఉండదు" అని నాగరత్నమ్మ మొహమ్మీదనే చెప్పింది. ఆయన పంచాంగంలో నుంచి తలెత్తలేదు.

గురువారం తెల్లారి బయలుదేరినారు. ఊరికి పోయేటప్పుడు కరెంటు మెయిన్ ఆపి పోవడం ఆ ఇంట్లో ఆయన నాయన కాలం నుంచి వస్తాండే పద్ధతి. సంధ్యావందనమన్నా ఒకపూట తప్పుతుందేమో గానీ ఇది తప్పదు. నాగరత్నమ్మ సంచులతో ఆటోలో కూర్చోని ఉంటే, ఆయన గ్యాస్ కట్టేసి, కొళాయిలు బిగించి, వరండాలో మెయిన్ కిందికి లాగి, గ్రిల్లుకు తాళం వేసి, తాళాన్ని గుంజి గుంజి చూసి వచ్చినాడు.

పులివెందులలో శ్యామలమ్మ మంచం మీద దిండుకు ఆనుకోని కూర్చోని ఉంది. మంచి చీర కట్టుకుంది. ఎడమచెవి మీదికి వెంట్రుకలు పడకుండా వెనక్కు దువ్వి ముడేసుకుంది. చుట్టూ నలుగురు చేరినారు. ఈయన నిలబడి సర్వరంటే ఏందో, దాన్ని సొంతంగా ఇంట్లో నడపడం ఎంత కష్టమో పాఠం మొదలుపెట్టినాడు. శ్యామలమ్మకు ఒక్క ముక్క వినపడలేదు, ఆమె అదృష్టం. పాఠం అయినాక నొక్కినాడు. తెర మీద సున్నా తిరిగింది. మళ్లా నొక్కినాడు. సున్నానే తిరిగింది.

"మీ ఊళ్లో సిగ్నల్ దరిద్రం" అన్నాడు. కోడలి ఫోన్ తీసుకున్నాడు. అది కూడా దరిద్రమేనంట.

నాగరత్నమ్మకు అప్పుడు తట్టింది. "ఇంట్లో మెయిన్ ఆపి వచ్చినారా?"

"ఆపకుండా వచ్చేదానికి నేనేమన్నా బుద్ధి లేనోణ్నా?" అన్నాడు. అన్నాక ఆ మాట ఆయనకే తగిలి, గొంతు కొంచెం తగ్గింది. "ముందే గుర్తు చేయాల గదా నువ్వు?"

ఫోన్ పట్టుకోని బయట వసారాలోకి పోయి ప్రొద్దుటూరులో ఎదురింటి కమర్‌బీని పిలిచినాడు. తాళం చెవి ఈయన జేబులో ఉంది. గ్రిల్లు సందులో నుంచి పొడుగాటి కట్టెతో మెయిన్ పైకి ఎత్తమని, ఆ కట్టె ఎట్ల పట్టుకోవాలో లెక్కల సారు ఆమెకు చెప్తాండాడు.

లోపల శ్యామలమ్మ ఒకరి తర్వాత ఒకరి మొహం చూసింది. ఎవరూ ఏమీ చెప్పకముందే ఆమెకు అర్థమైపోయింది. వెంట్రుకలు మళ్లా చెవి మీదికి లాక్కుంది.

నాగరత్నమ్మకు ఒళ్లు మండిపోయింది. పోయి మంచం మీద కూర్చుంది. ఆ వెంట్రుకలు పక్కకు తీసి, ఎడమచెవికి నోరు ఆనించి, అత్త రుక్మాబాయమ్మ హారతి పాట ఎత్తుకుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి అత్త పోయేదాకా సాయంత్రం సాయంత్రం పక్కన నిలబడి గొంతు కలిపింది ఈమే. అత్త యాడ సాగదీస్తాదో, యాడ ఊపిరి పీల్చుకుంటాదో అంతా ఆమె గొంతులోనే ఉండిపోయింది. పాడమని ఎవరూ అడగలేదు, ఆమెకూ ఇంతవరకు తోచలేదు. శ్యామలమ్మ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతాండాయి.

వసారాలో ఆయన కేక పెట్టినాడు. "వచ్చేసింది! సాల్లే కమర్‌బీ, పాట వస్తాంది. అక్కా, వింటాండావా? మా అమ్మే. నా సర్వరు!"

"నేనింకా కట్టె వెతుకుతాండా సార్" అనింది ఫోన్లో కమర్‌బీ.

ఆయన గడప దాకా వచ్చి, పెళ్లాన్ని చూసి, ఆడనే నిలబడిపోయినాడు. పాట అయిపోయింది. శ్యామలమ్మ కళ్లు తెరిచింది. చెవిటోళ్లు మాట్లాడినట్టు ఇల్లంతా వినపడేట్టు అడిగింది.

"ఒరే గురూ, అమ్మ పాట ఇంట్లోనే పెట్టుకోని ఇన్ని నెలలు నన్నెందుకురా ఏడిపించినావు?"

ఆయన చేతిలో ఫోన్ ఇంకా మాట్లాడతానే ఉంది. "కట్టె దొరికింది సార్. ఎత్తమంటారా, వద్దా?"

నాగరత్నమ్మ ఆయన వైపు తిరక్కుండానే రెండో పాట ఎత్తుకుంది.