ఒక్క బంతికి ఇద్దరు

ఆ రోజుల్లో, అంటే సింగపూర్‌లో నా మొదటి ఉద్యోగపు రోజుల్లో, నేనొక ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆటగాడి చేతికింద తయారయ్యాను. ఇదొక మహాగాథ. ఇందులో గురువు ఉన్నాడు, శిష్యుడు ఉన్నాడు, కఠోర సాధన ఉంది, ఆఖరి యుద్ధం ఉంది, సమయానికి ఆకాశంలో మబ్బులు కూడా కమ్ముకుంటాయి. చెప్పడం చేతనైనవాడైతే వారం రాత్రులు హరికథగా లాగొచ్చు. ఇక్కడిదాకా రాసి, ఒకసారి వెనక్కి వెళ్ళి చదువుకున్నాను. అంత లేదు. గురువుగారు మా ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజరు, శిష్యుడు ప్రొబేషన్‌లో ఉన్న ఇంజనీరు, సాధన ఆదివారాలు మాత్రమే, అదీ వాన పడకపోతే. ఆఖరి యుద్ధంలో ఓడిపోయాం. మబ్బులు మాత్రం నిజం, కానీ ఈ ఊళ్ళో అవి ఎవరి కథలోనైనా కమ్ముకుంటాయి. (నాకింకా ముప్ఫై నిండలేదు. 'ఆ రోజుల్లో' అనే వయసు కాదని తెలుసు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.)

ఫ్యాక్టరీ బూన్ లే స్టేషన్ దాటాక ఉండేది. పంపుల్లోంచి నీళ్ళు కారకుండా వేసే రబ్బరు సీళ్ళు చేసేవాళ్ళం. మేనేజరు జపాన్ ఆయన, అరవైకి దగ్గరపడిన మనిషి, నేనూ నా రూమ్మేటూ మాలో మేము ఆయన్ని 'సారు' అనుకునేవాళ్ళం. రూమ్మేటుది కరీంనగర్. నాకంటే ముందు చేరాడు కాబట్టి ఆ సీనియారిటీ మీద నాకు అన్న అయ్యాడు. సారు కుర్రతనంలో జపాన్‌లో జీతం తీసుకుని బేస్‌బాల్ ఆడారని క్యాంటీన్‌లో చెప్పుకునేవారు. కంపెనీకి ఒక జట్టుండేది, దానికి ఎప్పుడూ ఒక మనిషి తక్కువుండేవాడు. అందుకని కొత్తగా ఎవరు చేరినా సారు వాళ్ళ టేబుల్ దగ్గరికొచ్చి చేతులు చూపించమనేవారు. నా చేతులూ చూశారు. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయో లేదో చూస్తున్నారేమో అనుకుని బోర్లించి చూపించాను. ఆయన వాటిని మళ్ళీ వెల్లకిలా తిప్పారు.

"ఏదైనా ఆడతావా?" (సారు మాట్లాడేది ఇంగ్లీషే, కానీ మహా పొదుపుగా. తెలుగులో నేను కూడా ఆ పొదుపు పాటిస్తున్నాను.)

"క్రికెట్ సార్. కాలేజీ టీము." హాస్టల్ టీము. డ్రింక్స్ మోసేవాణ్ణి.

"దగ్గరే," అన్నారు సారు.

ఆ సాయంత్రం అన్న కూర తిప్పుతూ అడిగాడు. "ఒప్పుకున్నవా?"

"ప్రొబేషన్‌లో ఉన్నానన్నా. కాదంటే ఏమవుతుందో."

"నన్ను గట్లనే పట్టిండు. నా ప్రొబేషన్ అయిపోయి ఎన్నడో అయింది, ఇంకా ఇడుస్తలేడు."

తెలియనివాళ్ళ కోసం ఆట గురించి నాలుగు మాటలు. బేస్‌బాల్ మైదానానికి నాలుగు మూలలు. ఒక మూల బ్యాటర్ నిలబడే పలక, మిగతా మూడింట్లో నేలకు బిగించిన తెల్లటి దిండ్లు, వాటినే బేస్‌లంటారు. కొట్టినవాడు ఆ దిండ్లు ఒక్కొక్కటే ముట్టుకుంటూ చుట్టూ తిరిగి ఇంటికి, అంటే మళ్ళీ ఆ పలక దగ్గరికి, రావాలి. దిండ్ల మధ్య కాపలా కాసేవాళ్ళని ఇన్‌ఫీల్డర్లంటారు. నన్ను రెండో దిండు దగ్గర పెట్టారు, సారు తన కాలంలో నిలబడిన చోటే. అన్న ఒకటో దిండు. మా ఇద్దరికీ ఎడంగా, రెండో మూడో దిండ్ల మధ్య షార్ట్‌స్టాప్ అనే చోట, స్టోర్స్‌లో పనిచేసే ఒక సింగపూర్ కుర్రాడుండేవాడు. ఏం చెప్పినా 'స్టెడీ లా' (భేష్, ఢోకా లేదు అని ఈ ఊరి మాట) అనేవాడు కాబట్టి మేము వాణ్ణి స్టెడీ అనే పిలిచేవాళ్ళం. బంతి వదిలేసినా వాడు అదే మాట అనేవాడు.

మాకు సారు నేర్పాలనుకున్నది ఒకే ఒక్క విద్య, డబుల్ ప్లే. ఒకటో దిండు మీద అవతలి జట్టువాడొకడు ఉన్నప్పుడు నేలబారుగా బంతి వస్తుంది. స్టెడీ దాన్ని అందుకుని నాకివ్వాలి. నేను రెండో దిండు తొక్కితే అటు పరిగెత్తుకొస్తున్నవాడు ఔట్. అదే ఊపులో తిరిగి అన్నకు విసిరితే, కొట్టి పరిగెత్తుతున్నవాడు కూడా ఔట్. ఒక్క బంతికి ఇద్దరు. మా ఊళ్ళో ఒక్క బంతికి ఇద్దరు ఆట మానేసి వెళ్ళడం చూశాను గానీ, అది అంపైర్‌ని కొట్టినందుకు.

సాధనలో నా కష్టమంతా క్రికెట్టే. మొదటి ఆదివారం స్టెడీ బంతి అందించాడు, నేను దిండు తొక్కాను, తిరిగాను, విసిరాను. అన్న గ్లవ్ ఛాతీ ముందు తెరుచుకుని ఉంది. నా బంతి వెళ్ళి అన్న కాలికింద ఉన్న దిండుకి ధబ్బున తగిలింది. నేను వేలు పైకెత్తాను. సారు నడుచుకుంటూ వచ్చారు.

"ఏం చేశావు?"

"డైరెక్ట్ హిట్ సార్."

"దేన్ని?"

"దిండుని."

సారు దిండు వంక చూశారు. "అదేం చేసింది?"

"ఈడ వికెట్లు లేవురా పడనీకి," అన్నాడు అన్న, బంతి కోసం మైదానం పక్కనున్న కాలవ వైపు నడుస్తూ. "నా ఛాతీకి ఇసురు. ఛాతీకి ఇసరమంటే పాదాలకు మొక్కుతవేంది?"

చేతుల సంగతి ఇంకో గొడవ. ఎడమ చేతికి పళ్ళెమంత తోలు గ్లవ్ ఉంటుంది, బంతి దాంతోనే పట్టాలి, కుడి చెయ్యి పక్కన ఉండాలి. కానీ మనకి పైనుంచి ఏదైనా వస్తోందంటే రెండు చేతులూ దోసిలి పట్టడమే అలవాటు, క్యాచ్‌కైనా, ప్రసాదానికైనా. "కుడి చెయ్యి వెనక్కి," అనేవారు సారు. వారం గడిచేది. "కుడి చెయ్యి వెనక్కి." కొన్నాళ్ళకి ఆఫీసులో కనబడినా గుడ్ మార్నింగ్ బదులు అదే అనేవారు. (ఒకసారి, కొట్టగానే వదిలెయ్యాల్సిన బ్యాటు పట్టుకునే పరిగెత్తాను కూడా. దిండు ఇంకా అల్లంత దూరం ఉండగానే బ్యాటు చాపి నేలకానించాను. అవతలి జట్టువాడు "బ్రో, ఇంటికి తీసుకెళ్ళిపోతున్నావా?" అని మర్యాదగానే అడిగాడు.)

ఒక ఆదివారం ప్రాక్టీసయ్యాక హాకర్ సెంటర్‌లో, అంటే తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, నూడిల్స్ తింటుంటే అన్న ఇక ఉండబట్టలేక అడిగేశాడు. స్టేడియం, లైట్లు, జనం కేకలు, అసలు ప్రొఫెషనల్ జీవితం ఎట్లుంటదో చెప్పమన్నాడు. సారు గిన్నె కింద పెట్టి నిజాయితీగా ఆలోచించారు.

"బస్సు," అన్నారు.

"బస్సా సార్?"

"నేను రెండో జట్టు. ఊరూరా బస్సు. దిగడం, ప్రాక్టీసు, మళ్ళీ బస్సు."

"మొదటి జట్టుకి ఆడలేదా సార్?"

"అప్పుడప్పుడు. ఆట చివర్లో పిలిచేవారు, ఫీల్డింగ్‌కి."

"మరి బ్యాటింగ్?"

"లేదు."

ఆ ఒక్క మాటలో ఆయన బ్యాటింగంతా ఉంది. మేమిద్దరం నూడిల్స్ వైపు చూసుకున్నాం. కాసేపయ్యాక ఆయనే అన్నారు. "డబుల్ ప్లే బాగుండేది. అందులో బంతి నా దగ్గర ఆగదు. వచ్చి, వెళ్ళిపోతుంది. మధ్యలో నేను."

"తర్వాత సార్?"

"మోకాలు."

"ఆ తర్వాత?"

"రబ్బరు సీళ్ళు."

ట్రైన్‌లో అన్న స్టేషన్లు లెక్కపెడుతూ కూర్చున్నాడు. చివరికి, "ఏం కథరా ఇది, ఇంటర్వెల్ కూడ లేదు," అన్నాడు.

నేను చేరిన ఏడాది చివర్లో సారు రిటైరై జపాన్ వెళ్ళిపోతున్నారని తెలిసింది. ఆఖరి ఆదివారం మ్యాచ్ ఉంది. మమ్మల్ని ముగ్గుర్నీ పక్కకు పిలిచి, గెలవక్కర్లేదన్నారు. (గెలిచే అలవాటు మాకెలాగూ లేదు.) ఇన్నేళ్ళలో ఈ జట్టు ఒక్క డబుల్ ప్లే కూడా చెయ్యలేదట. ఒక షార్ట్‌స్టాప్‌ని తయారుచేస్తే వాడు వేరే కంపెనీలో చేరేవాడు, ఒక సెకండ్ బేస్‌ని తయారుచేస్తే వాడి వర్క్ పాస్ గడువు అయిపోయేది. "వెళ్ళేముందు ఒక్కటి చూడాలని ఉంది," అన్నారు సారు. తనకేదైనా కావాలని ఆయన నోట వినడం అదే మొదలు. ఆ వారం నాకు కలలో కూడా దిండ్లే వచ్చాయి. స్టెడీ కూడా మొహం గంభీరంగా పెట్టి, "స్టెడీ లా," అన్నాడు. ఈసారి ప్రమాణం చేసినట్టుంది.

క్రాంజీ వైపు ఒక గ్రౌండులో ఆట. అవతలివాళ్ళు పాయా లేబర్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే కుర్రాళ్ళు, అందరికీ ఒకే రకం మేజోళ్ళు. డబుల్ ప్లేకి అవకాశం రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నేను విసిరింది సరిగ్గా అన్న ఛాతీకే వెళ్ళింది, కానీ సరిగ్గా విసరాలని నేను ఎంత ఆలోచించానంటే, అది చేరేసరికి పరిగెత్తేవాడు దిండు దాటి, ఆగి, నీళ్ళడుగుతున్నాడు. రెండోసారి స్టెడీ ఇచ్చిన బంతిని నా కుడి చెయ్యి ముందుకొచ్చి తోసేసింది. సారు కుడి చెయ్యి వెనక్కి అని కూడా అనలేదు. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇంతలో మబ్బులు కమ్మాయి. ఈ ఊళ్ళో పిడుగుల హెచ్చరిక సైరన్ మోగిందంటే మైదానంలో ఎవరూ ఉండకూడదు, ఆట అక్కడితో సరి. అప్పటికి అవతలివాడొకడు రెండో దిండు మీదున్నాడు, ఒకటో దిండు ఖాళీ. అంటే మేము నేర్చుకున్న డబుల్ ప్లేకి దారే లేదు. సారుకి ఆ సంగతి మాకంటే బాగా తెలుసు. తోలు గ్లవ్‌లు తడిస్తే పాడవుతాయని ఆయన గట్టు పక్కన వంగి మిగిలిన గ్లవ్‌లన్నీ సంచిలో సర్దడం మొదలుపెట్టారు.

అప్పుడు బ్యాటర్ బలంగా కొట్టాడు. బంతి నేలబారుగా కాదు, గాల్లో, తాడు లాగినట్టు నా మొహం మీదికొచ్చింది. రెండో దిండు మీదున్నవాడు ఇది నన్ను దాటిపోతుందని తేల్చుకుని మూడో దిండుకి పరుగెత్తాడు. (అతని లెక్కలో తప్పేమీ లేదు. నేనూ అలాగే అనుకున్నాను.) కానీ నా చేతులు నన్నడగకుండా దోసిలి పట్టాయి. బంతి నేరుగా వట్టి కుడి అరచేతిలో పడి, గ్లవ్‌లో ఇరుక్కుంది. క్యాచ్. నాకు తెలిసిన ఆటలో క్యాచ్ పట్టాక ఇక ఎవరూ చెయ్యాల్సింది ఏమీ లేదు, నీళ్ళు తాగడమే. అరచెయ్యి భగ్గున మండుతోంది. రెండడుగులు వెనక్కి వేసి, చేతికి దగ్గరగా ఉన్న మెత్తటి వస్తువు మీద కూర్చుని చెయ్యి ఊదుకోవడం మొదలుపెట్టాను. ఆ వస్తువు రెండో దిండు.

ఇక్కడొక నియమం ఉంది, నాకప్పటికి తెలియదు. క్యాచ్ పడితే, దిండు వదిలి పరిగెత్తినవాడు వెనక్కొచ్చి దాన్ని ముట్టుకోవాలి. ఈలోగా బంతి ఉన్నవాడు ఆ దిండుని ముడితే అతనూ ఔట్. కాలితోనే ముట్టాలని ఎక్కడా రాయలేదు. పాపం బ్యాంకు కుర్రాడు రొప్పుతూ తిరిగొచ్చి, తన దిండు మీద నేను బాసిపట్టు వేసుకుని ఉండడం చూశాడు.

"బ్రో, కొంచెం జరుగుతావా?"

"సారీ," అని నేను జరిగి చోటిచ్చాను.

అంపైర్ పిడికిలి ఎత్తాడు. అన్న ఒకటో దిండు దగ్గర్నుంచి చేతులూపుతూ వస్తున్నాడు. "ఇద్దరురా. ఒక్క బంతికి ఇద్దరు. కూసొని చేసినవ్‌రా." ముగ్గురం గట్టు వైపు తిరిగాం. సారు సంచి జిప్పు లాగి, అప్పుడే నడుం ఎత్తుతున్నారు.

"ఏమైంది?" అన్నారు.

మేము చెప్పేలోగా సైరన్ మోగింది.

బస్ షెల్టర్ కింద నిలబడ్డాం. వాన గట్టిగా పట్టుకుంది. ఒక్క బంతికి ఇద్దరు ఔటయ్యారని అక్కడే సారుకి చెప్పాం. కూరగాయల సంచితో ఒక ఆంటీ ముందే కూర్చుని ఉంది. సారు కాసేపు రోడ్డు వైపు చూసి, "చూపించండి," అన్నారు. అన్న గొడుగు మడిచి బ్యాటులా పట్టుకున్నాడు. స్టెడీ షెల్టర్ ఆ చివరిదాకా పరిగెత్తి వెనక్కొచ్చాడు. నేను లేని బంతిని దోసిట పట్టి, మొహం ముడుచుకుని (దానికి నటించక్కర్లేకపోయింది), గ్లవ్‌ల సంచి మీద కూర్చున్నాను. ఆంటీ కాళ్ళు పక్కకు తీసుకుంది.

"మీరేం చేస్తున్నారు?"

"ప్రాక్టీస్, ఆంటీ," అన్నాడు స్టెడీ.

"బస్టాప్‌లోనా?"

సారు మళ్ళీ చెయ్యమన్నారు. మళ్ళీ చేశాం. ఆయన చాలా శ్రద్ధగా చూసి, తీర్పు చెప్పారు. "ఔటే. కానీ ఇది కూర్చోవడం." కాసేపాగి, "ఇంకోటి. మామూలుది," అన్నారు.

అంచేత మామూలుది చేశాం. స్టెడీ వంగి లేని బంతిని తీశాడు, నాకిచ్చాడు. సంచిని కాలితో తొక్కి, తిరిగి, అన్న ఛాతీకి విసిరాను. కుడి చెయ్యి దాని చోట అది ఉంది. బంతి లేకుండా మేము ఎప్పుడూ బాగానే ఆడేవాళ్ళం. సారు టోపీ తీసి, పిడికిలి ఒకసారి ఎత్తి దించి, మళ్ళీ ఎత్తారు. "ఔట్," అన్నారు. "ఔట్." ఆయన నవ్వడం నేను చూసింది అదొక్కసారే, అది కూడా సగం ఆంటీ వైపు తిరిగి నవ్వారు.

ఆ వారమే ఆయన వెళ్ళిపోయారు. ఇప్పుడు నేను వేరే కంపెనీలో ఉన్నాను. ఎవరైనా ఏం ఆడేవాడివని అడిగితే, సెకండ్ బేస్, ప్రొఫెషనల్ కోచింగ్, అని చెబుతాను. చెప్పేటప్పుడు కుడి చెయ్యి తనంతట తానే వెనక్కి వెళుతుంది. అప్పుడు ఆ దిండు మీద కూర్చుని చెయ్యి ఊదుకుంటున్న కుర్రాడు గుర్తొస్తాడు. తనేం చేశాడో తెలియనంతసేపు వాడు బాగానే ఉన్నాడు. సారు తర్వాత వచ్చిన మేనేజరుకి బేస్‌బాల్ మీద ఆసక్తి లేదట, తొమ్మిదిమందిని పోగుచెయ్యడం కంటే నలుగురిని పోగుచెయ్యడం తేలిక కాబట్టి జట్టు మొత్తం బ్యాడ్మింటన్‌కి మారిపోయిందని అన్న చెప్పాడు. నన్నూ రమ్మంటున్నాడు. ఇండోర్ కోర్టు కాబట్టి, నేల మీద మరకలు పడని బూట్లుంటేనే లోపలికి రానిస్తారట.