తిరిగిచ్చిన జెండా

చెవి సరిగా వినపడని మనిషికి చెవితోనే పరీక్ష పెట్టి, తప్పాడన్నారు. అన్యాయమని అప్పుడే అన్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనే ఓపిక లేదు గానీ, అన్యాయమే.

జర్మనీలో ఫ్రైబర్గ్ దాటాక నీళ్ల పనివాళ్లకు శిక్షణ ఇచ్చే చోటొకటుంది. యుద్ధం నడిచే దేశాల నుంచి నీళ్ల పైపులు, మురుగు కాల్వలు చూసుకునేవాళ్లను పిలిపించి నేర్పిస్తారు. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక నేనూ అక్కడ నేర్పడానికి ఒప్పుకున్నాను. నా చదువు ఏడో తరగతి. మా మునిసిపాలిటీలో వాల్వులు తిప్పాను, ఎడారి దేశంలో పైపులు పాతాను, అక్కడి జర్మన్ కంపెనీ వెంట ఇక్కడికొచ్చి పడ్డాను. జర్మన్ భాష కందకాల్లో నేర్చుకున్నా. అందుకే ముందు బూతులొచ్చాయి, వ్యాకరణం తర్వాత.

అలా నేర్చుకోడానికి వచ్చినవాడే ఆ మనిషి. నలభై దాటి ఉంటాయి. పంపుహౌసు పక్కన బాంబు పడి ఒక చెవి పోయింది, రెండోదాంట్లో ఎప్పుడూ ఈల మోగుతుంటుందట. పాసైన కాగితం పట్టుకెళ్తే వాళ్లూళ్లో లీకులు పట్టే ముఠాకు పెద్దను చేస్తారు. లేకపోతే ట్యాంకరు తోలుకోవాలి.

లీకు పట్టాలంటే ఇనుప కడ్డీ ఒక కొస వాల్వుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంటాం. నేల కింద నీళ్లు కారుతుంటే సుయ్యిమని వినిపిస్తుంది. చెవి లేనివాడేం చెయ్యాలి? మా ఊళ్లో ముసలి ఫిట్టరొకాయన కడ్డీని పళ్లతో కరిచి పట్టుకునేవాడు. దవడలో జివ్వుమంటుంది. అదే ఇతనికి నేర్పాను.

కరిచి మొహం చిట్లించాడు. "మీ ఊళ్లో మధ్యాహ్నం భోజనం ఇదేనా, అన్నా?"

'అన్నా' ఒక్కటే నేను నేర్పిన తెలుగు మాట. మిగతాదంతా ఇద్దరి వంకర జర్మనే.

"వాగుడాపి కరిచి పట్టు. ఏమైనా తెలిసిందా?"

"ఏదో ఉన్నట్టుంది."

"ఉన్నట్టుందంటే ఉన్నట్టే, తమ్ముడూ. జెండా గుచ్చెయ్."

పరీక్ష అంతే. ఇసుక కింద పాతిన పైపుల్లో ఎక్కడో నీళ్లు కారనిస్తారు. ఎక్కడుందో కనిపెట్టి అక్కడ చిన్న ఎర్ర జెండా గుచ్చాలి. మేమెలా చేసేవాళ్లమో అతనికి చెప్పాను: ఇక్కడ లేదా, పూడ్చు, అక్కడ తవ్వు. "నల్లా బాగు చేస్తున్నారా, బంగారం వెతుకుతున్నారా?" అని ఆడవాళ్లు తిట్టేవాళ్లు. తిడితే తిట్టారు, తవ్వుతూ పోయేవాళ్లం. అతను నవ్వాడు.

పరీక్ష రోజు బాగా చలి. అతను కడ్డీ కరుచుకుని ఒక్కో వాల్వు దగ్గరా ఆగాడు. ఒకచోట చాలాసేపు నిలబడిపోయాడు. నేను కంచె అవతల నుంచి గుచ్చు గుచ్చు అని సైగలు చేస్తున్నా. నా వైపు ఒకసారి చూశాడు. జెండా తెచ్చి పరీక్ష పెట్టే ఆవిడ చేతిలో పెట్టేశాడు.

తర్వాత తవ్వి చూపించారు. లీకు అతను నిలబడ్డ చోటే ఉంది.

ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "మనిషి సరిగ్గా అక్కడే ఆగాడు కదా! మీకు జెండా ఒక్కటే కనిపిస్తుందా?"

"ఆయన గుచ్చలేదు," అంది ఆవిడ. "కావాలంటే విడర్‌ష్‌ప్రుఖ్ పెట్టుకోవచ్చు. మీరు కాదు, ఆయన."

విడర్‌ష్‌ప్రుఖ్ అంటే అభ్యంతరం; ఈ దేశంలో దేనికైనా రాసివ్వొచ్చు. ఇంటద్దె పెంచినందుకు రాశాను, చెత్తడబ్బా గురించి రాశాను. ఇతని కోసం కూడా కూర్చుని రాశాను. కూర్చుంటే లేవలేని మోకాళ్లు నావి. అప్పటికే అతను తన ఊరికి వెళ్లిపోయాడు. సంతకం పెట్టి పంపు తమ్ముడూ, చాలు, అని ఫోనుకు పంపాను. జవాబు లేదు. మళ్లీ పంపాను. కరెంటు లేదేమో అనుకున్నా. మనిషే లేడేమో అన్న ఆలోచన రాకుండా, కరెంటే లేదని గట్టిగా అనుకున్నా.

ఇక్కడ మంచు కరిగే రోజుల్లో జవాబొచ్చింది.

"అన్నా, సంతకం పెట్టను. ఆ రోజు పళ్లకు ఏదో తగిలింది, నిజమే. అది పైపుదో, నా చెవిలో మోగేదో తేల్చుకోలేకపోయా. నేను జెండా గుచ్చితే మావాళ్లు అక్కడ గునపం దింపుతారు. మా నేలలో పైపుల పక్కన పేలని బాంబులున్నాయి. పూడ్చి ఇంకోచోట తవ్వుదాం అనడానికి మాకు కుదరదు. ట్యాంకరు తోలుతున్నా. మాకింకా చలి పోలేదు, దాని కుళాయి గడ్డకట్టుకుపోతోంది. ఉపాయమేమైనా ఉంటే చెప్పు."