సోలలో సగం

ఒక మాటను ఏళ్ల తరబడి లోపలే పెట్టుకుంటే, అది బరువన్న సంగతి కూడా కొన్నాళ్లకు మరిచిపోతాం. నేనూ మరిచిపోయాననే అనుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక. నేను ఎవరినీ చంపలేదు, ఎవరి సొమ్మూ ఎత్తుకుపోలేదు. ఒక గళ్ల నుడికట్టులో ఒకే ఒక్క ఆధారం గురించి అబద్ధమాడాను. నవ్వొస్తోందా? రానివ్వండి. కానీ పూర్తిగా వినండి.

కామారెడ్డిలో నాది కళ్లద్దాల దుకాణం. గిరాకీ లేనప్పుడు నుడికట్టు నింపుతూ కూర్చునేవాణ్ని. నేరుగా అర్థం అడిగే రకం కాదు. మాటను విరిచి, తిప్పి, దాచిపెట్టి అడిగే రకం. గడికో అక్షరం. ఊళ్లో ఆ పిచ్చి ఉన్నవాణ్ని నేనొక్కణ్నే అని నలుగురూ అనేవారు. ఆ మాట నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఎంత ఇష్టమో అప్పుడు తెలియదు.

వనజ ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరు. అద్దాలు మార్పించుకోవడానికి వచ్చి, బల్ల మీద నేను సగంలో వదిలేసిన గళ్లను అటువైపు నుంచి తలకిందులుగానే చదివి, నాకు పొద్దుటి నుంచీ అందని జవాబు చెప్పేసింది. ఆ తర్వాత కామారెడ్డి వచ్చినప్పుడల్లా దుకాణానికి వచ్చేది. ఇద్దరం కలిసి ఆధారాలను విప్పేవాళ్లం. గళ్లు కట్టినవాడు ఇది సాగదీశాడని తిట్టేవాళ్లం, ఇది భలే ముడి వేశాడని మెచ్చుకునేవాళ్లం. ఆమె భర్త దుబాయిలో పనిచేసేవాడు. ఇంట్లో ఇట్లాంటి ముచ్చట పెట్టుకునేందుకు ఎవరూ లేరని ఒకసారి అంది.

మా ఊరి చిన్న వారపత్రిక సంపాదకుడు నుడికట్టు శీర్షిక మొదలుపెడుతున్నాడని తెలిసింది. నన్నే అడుగుతాడనుకున్నాను. ఆయన వనజ పంపిన గళ్లు తెచ్చి నా ముందు పెట్టాడు.

"జర నింపి సూడన్నా. మంచిగుంటె ఆమెకే ఇద్దాం."

బాగుంది. చాలా బాగుంది. అన్నీ నింపాను, ఒక్కటి తప్ప. 'సోలలో సగం మొగుడికి ముందు పెడితే స్నేహం.' మూడక్షరాలు. నిలువు మాట నుంచి నడిమి గడిలోకి 'ప' వచ్చి కూర్చుంది. చెలిమి కుదరదు. నెయ్యము కుదరదు. ఎంత గింజుకున్నా రాలేదు. ఈ ఆధారానికి జవాబే లేదు, ఇట్లాంటివి అచ్చేస్తే పత్రిక పరువు పోతుందని సంపాదకుడికి చెప్పాను. అప్పుడు నిజంగానే అలా నమ్మాను. ఆ ఒక్క పూట నేను తప్పు చేయలేదు, పొరబడ్డాను. తర్వాత జరిగింది పొరపాటు కాదు.

ఆ వారంలోనే ఒక మిత్రుడితో కలిసి ఎల్లారెడ్డి బస్సెక్కాను. మీ ఇద్దరికీ ఎట్లా పరిచయమని పక్క సీటు ఆయన అడిగితే, "మాది చిన్నప్పటి సోపతి" అన్నాను. అని, ఆగిపోయాను. సోలలో సగం సో. మొగుడు అంటే పతి. సోపతి! స్నేహానికి మా వైపు మాట, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నా నోట్లో ఉన్న మాట. మొదట కలిగింది ఆనందమే. కిటికీ వైపు తిరిగి ఒక్కణ్నే నవ్వుకున్నాను. ఎల్లారెడ్డి రాకముందే ఆ నవ్వు పోయింది. జేబులో ఫోన్ ఉంది. సంపాదకుడికి ఒక్క ముక్క చెబితే చాలు. ఎందుకు తీయలేదు? సిగ్గా? సిగ్గయితే మరునాటికి తగ్గేది. శీర్షిక నాకు కావాలి. అదీ సంగతి.

వనజే దుకాణానికి వచ్చింది.

"అన్నా, జవాబు లేదన్నవంట గదా. సోపతి గదనే. సో, పతి. గంతే."

"అది అచ్చేసే మాట కాదమ్మా. నిఘంటువుల ఉండది."

"మనం మాట్లాడేది తెలుగు కాదా అన్నా?"

"మాట్లాడుడు వేరు, పత్రికల రాసుడు వేరు."

"నువ్వు గిట్లంటవనుకోలే" అంది. వెళ్లిపోయింది. మళ్లీ నా దుకాణం గడప తొక్కలేదు. గళ్లు కట్టడమే మానేసిందని తర్వాత ఎవరో అన్నారు. నేను ఏ నిఘంటువూ తెరిచి చూడలేదు. ఇప్పటికీ చూడలేదు.

శీర్షిక నాకొచ్చింది. అంతకంటే సిగ్గుచేటు ఇంకొకటుంది. కొన్నాళ్లకు నా గళ్లలో తోవ, సల్ల, పుంటికూర లాంటి మా వైపు మాటలన్నీ వాడటం మొదలుపెట్టాను. మన మాటలకు గౌరవం తెచ్చినవని జనం మెచ్చుకున్నారు. నేను తలూపాను. ఈ మధ్య సంపాదకుడు దానికే నాకు శాలువా కప్పుతానన్నాడు. అప్పుడిక తలూపలేకపోయాను. కూర్చోబెట్టి అంతా చెప్పాను. పాత ముచ్చట, ఎవరికి యాదికున్నది, ఇడిసిపెట్టు అన్నాడాయన. విడిచిపెట్టలేదు.

ముందు ఎల్లారెడ్డి వెళ్లాను. వనజ బడి గేటు దగ్గర నిలబడి విన్నది. బస్సులోనే తెలిసిందని కూడా చెప్పాను. "సరే అన్నా. క్లాసున్నది" అని లోపలికి వెళ్లిపోయింది. క్షమించిందా? అడగలేదు. అడిగే హక్కు ఉందనుకోను. తిరుగు బస్సులో మాత్రం, చెబితే మీరు నమ్మరు, ఆకలి వేసింది. ఎన్నేళ్లకో అలాంటి ఆకలి.

ఈ వారం పత్రికలో నా గళ్లు లేవు. ఆ చోట ఆమె పేరు, ఆమె ఆధారం, దాని జవాబు, నేను ఏం చేశానో, ఎందుకు చేశానో వేయించాను. పొద్దున భిక్నూరు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. మొదటి సంచిక నుంచీ నా గళ్లు నింపుతున్నాడట. బిడ్డలాంటి మనిషి నోరు మూయించి ఇన్నేళ్లు ఆమె జాగాల కూసున్నవా అని తిట్టడం మొదలుపెట్టాడు. దుకాణంలో ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నారు. అయినా ఫోన్ పెట్టేయలేదు. పెట్టేయాలని అనిపించలేదు. ఒళ్లంతా తేలికైనట్టు, ఆయన తిడుతుంటే వింటూ నిలబడ్డాను.

ఆఖరికి ఆయనే అలిసిపోయి అడిగాడు. "నిజంగ గంత పని జేసినవా నువ్వు?"

"చేసిన" అన్నాను.